మాను, మాన్

గిండీ అడవి పక్క గుడిసెల్లో ఉండే గోవిందమ్మకు పొద్దున్నే పుల్లలేరి మోపు కట్టడం పని. ఎండాకాలమైతే ఇంకో పని కూడా ఉంటుంది, పెద్ద దుప్పికి కుండెడు నీళ్ళు పోయడం.

ఎండలు ముదిరితే ఆ అడవిలో ఆకులన్నీ రాలిపోతాయి. రేల చెట్లు మాత్రం పసుపుపచ్చగా పూస్తాయి. కుంటలెండిపోయి ఇర్రి జింకలు లోపలికి పోతాయి, నక్కలు గుడిసెల దగ్గరికొస్తాయి. ఆ ముసలి దుప్పి ఎక్కడికీ పోదు. కుంట గట్టున నిలబడి వేళ్ళు దిగేస్తుంది. కొమ్ములు కొమ్మలవుతాయి, తోలు బెరడవుతుంది, తెల్ల మచ్చలు మాత్రం అట్లే ఉంటాయి. తొలివాన పడిందంటే కాళ్ళు విదిలించుకుని మేతకు పోతుంది. పుల్లలేరే ఆడవాళ్ళు దాని కొమ్మకే సద్దిమూట తగిలించేవాళ్ళు. మబ్బు పట్టిన రోజు మాత్రం తగిలించేవాళ్ళు కాదు, సద్దితో సహా పోతుందని.

యాభై మూడులో అడవిలో ఒక మూల చదును చేసి ఏదో కడతామన్నారు. పని చూసే ఓవర్సీరు వెంకటాచలం గుంటూరు మనిషి. పట్నానికి కొత్త, అరవం ఒక్క ముక్క రాదు. కూలీలా, రాయపురం నుంచి లారీలో వచ్చేవాళ్ళు. వాళ్ళకీ ఆ అడవి తెలీదు.

ఒకనాడు గోవిందమ్మ నీళ్ళు తెస్తే, దుప్పి ఒంటిమీద సున్నం గుర్తు కనిపించింది. కుండ అక్కడే దించి పరిగెత్తింది.

"సార్, సార్! ఆ కుంట కాడ సున్నం పెట్టినారే, అది మాన్ సార్! కొంచం చూసుకోండి!"

"మానని తెలిసే గదమ్మా గుర్తు పెట్టించాను. నే చూసుకుంటాలే, వెళ్ళు."

"రొంబ పుణ్యం సార్," అని దండం పెట్టింది. గుర్తు పెట్టింది కాపాడేదానికే అనుకుంది పిచ్చితల్లి. ఇంట్లో తెలుగే అయినా, అరవవాళ్ళ మధ్య పుట్టి పెరిగి, దుప్పిని మాన్ అనడమే ఆమెకు అలవాటు. ఆయనకేమో మాను అంటే చెట్టు. దుప్పి అని ఒక్క మాట అనుంటే ఎంత బాగుండేది!

మర్నాడు వస్తే మొద్దు మిగిలింది. ఎర్రటి జిగురు ఇంకా కారుతోంది.

"నేనే చంపితి గదరా నాయనా, నా నోరు పడిపోను," అని మొద్దు పక్కన కూలబడి ఏడ్చింది.

చేవగల కొయ్య కదా అని ఓవర్సీరు దాంతో మంచం చేయించుకున్నాడు. తొలివాన పడిన మధ్యాహ్నం ఆయన దానిమీద కునుకు తీస్తున్నాడు. మంచం లేచి, కాళ్ళు విదిలించుకుని, వీధిలోకి నడిచింది. ఆయన పట్టెలు గట్టిగా పట్టుకున్నాడు.

"దోవ ఇడండమ్మా, మేతకు పోతా ఉంది," అంటూ జనం పక్కకు జరిగారు.

కుంట గట్టుకొచ్చి ఆగింది. చుట్టూ లేత గడ్డి. మంచానికి నోరెక్కడిది? నాలుగు కాళ్ళూ వణుకుతూ గడ్డి ముందు అట్లే నిలబడింది. ఆయన దిగి, ఎదురుగా వచ్చిన గోవిందమ్మను చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"మాన్ సార్. ఆ పొద్దే చెప్తి కదా."

"మాను నడుస్తుందా ఎక్కడన్నా?"

ఆమె రెండు చేతులూ తలమీద పెట్టి, వేళ్ళు కొమ్ముల్లా విప్పింది.

"దుప్పా! దుప్పి అని చెప్పకూడదా తల్లీ?"

"నోటికి రాలేదు సార్. సమయానికి ఆ మాటే నోటికి రాలేదు."

ఇద్దరూ వానలో నిలబడి ఏడ్చారు. మంచాన్ని మళ్ళీ ఇంటికి తీసుకుపోయే మనసు ఆయనకు రాలేదు, ఆ గట్టునే ఉంచేశాడు.

ఆ అక్టోబరులో తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం వచ్చింది. ఆఫీసుల్లో తెలుగువాళ్ళు సామాన్లు కట్టారు. వెంకటాచలానికీ కర్నూలుకు బదిలీ వచ్చింది, ఆయన ఎదురుచూసిన బదిలీ. రైలెక్కబోయే ముందు కుంట కాడికి వెళ్ళొచ్చి, బదిలీ వద్దని రాసిచ్చాడు. ఇంట్లోవాళ్ళే తర్వాత గుంటూరు నుంచి ఇక్కడికొచ్చారు, సణుక్కుంటూ.

గోవిందమ్మకు మోకాళ్ళు పట్టేశాక నీళ్ళ కుండ ఆయన చేతికొచ్చింది. ఎండాకాలం పొద్దున్నే మంచం కాళ్ళకు నీళ్ళు పోస్తుంటే, దారినపోయే అరవవాళ్ళు అదేంటని అడిగేవాళ్ళు, "ఎన్న సార్ అదు?" అని.

"మాన్," అనేవాడు.