ఫ్యాను కింద బల్ల

నాంచారయ్య బాబాయిని పనిలోంచి తీసేసింది మనిషి కాదు, గోడ మీది టీవీ. పెడనలోని మా కలంకారీ అద్దకం షెడ్డులో యజమాని గంగాధరరావు ఆ ఏడాదే కెమెరాలు పెట్టించాడు. వాటి వెనక ఏదో సాఫ్ట్‌వేరు. బల్ల దగ్గర కదలిక ఉంటే తెర మీద ఆ బల్ల చుట్టూ పచ్చగీత, లేకపోతే ఎర్రగీత. ముందు అద్దిన నలుపు మీద రంగు అచ్చు సరిగ్గా పడాలంటే చెయ్యి ఆపి చూసుకోవాలి. బాబాయి అలా ఆగేవాడు. సోమరి అని పేరు పెట్టి పంపేశారు. ఆగి అడిగితే మాకూ ఎర్రగీత వస్తుందని, మేం తలలు వంచుకుని గబగబా అచ్చులు కొట్టాం.

పచ్చగీత ఎక్కువున్న వాళ్లకి ఫ్యాను కింద బల్ల ఇస్తానన్నాడు యజమాని. షెడ్డంతటికీ ఒకటే ఫ్యాను, అదీ అప్పుడే కొత్తగా బిగించింది. అది జ్యోతిర్మయికి దక్కింది. ఇక చూడాలి మా ఏడుపు. వీరలక్ష్మికైతే కడుపు మండిపోయింది. ఆ బల్ల తనకే వస్తుందని ఆశ పెట్టుకుంది. జ్యోతిర్మయి కొంగు గాలికి ఎగిరినా ఓర్చుకోలేకపోయేది. యజమానిని కాకా పట్టిందని చెప్పుకుంటూ తిరిగింది. మేమూ వంత పాడాం. బాబాయి ఊసే మర్చిపోయాం. గంగాధరరావుకి కావలసిందీ అదే.

కానీ అంతగా కళ్లలో నిప్పులు పోసుకుంది కాబట్టే వీరలక్ష్మి అసలు సంగతి కనిపెట్టింది. ఓ మధ్యాహ్నం జ్యోతిర్మయి మంచినీళ్లకి వెళ్లింది. బల్ల దగ్గర ఎవరూ లేరు. తెర మీద పచ్చగీత అలాగే ఉంది. బల్ల అంచు నుంచి వేలాడే గుడ్డ ఫ్యాను గాలికి ఊగుతోంది.

అన్నాల దగ్గర ఆ మాట బయటపెట్టింది. "ఇన్నాళ్లూ దీన్ని చూసి ఏడ్చి చచ్చాను. ఆ పచ్చగీత దీనిది కాదర్రా, ఫ్యానుది."

జ్యోతిర్మయి చేతిలో ముద్ద ఆగిపోయింది. తన పనితనమే అనుకుంది పాపం. "అయితే బాబాయిని ఎందుకు పంపేసినట్టు?" అంది మెల్లగా. మాతో అచ్చులు కొట్టే పున్నయ్య భయపడ్డాడు. ఎదురు తిరిగితే మననీ పంపేస్తాడు, పక్క షెడ్డువాళ్లూ కెమెరాలు పెడితే ఇక మనకి పనెక్కడ దొరుకుతుందన్నాడు. అందుకే ఇక్కడే ఆపాలంది వీరలక్ష్మి. చాలాసేపు వాదించుకుని, చివరికి అందరం పని ఆపాలనుకున్నాం.

మర్నాడు గేటు ముందు కూర్చున్నాం. బాబాయిని మళ్లీ పనిలోకి తీసుకోవాలి, టీవీ తీర్పు చెల్లదు అన్నాం. గంగాధరరావు పోలీసులకి ఫోన్ చేశాడు. తర్వాత లోపల ఫ్యాను వేసి వచ్చి, జ్యోతిర్మయిని ఒక్కదాన్నే పిలిచాడు. "నువ్వు పనిమంతురాలివమ్మా. వీళ్లతో నీకెందుకు? ఆ బల్ల ఎప్పటికీ నీదే."

ఆమె చీర దులుపుకుని లోపలికి వెళ్లింది.

"చల్లగాలికి అమ్ముడుపోయింది," అంది వీరలక్ష్మి. పాత మంట మళ్లీ రాజుకుంది. నన్నెందుకు పిలవలేదని మాలో చాలామందికి అనిపించే ఉంటుంది.

కిటికీలోంచి టీవీ కనిపిస్తోంది. బల్లలన్నీ ఎర్రగా, ఫ్యాను కిందది ఒక్కటే పచ్చగా ఉంది. జ్యోతిర్మయి ఆ బల్ల వైపు వెళ్లలేదు. తిన్నగా స్విచ్చి దగ్గరికి నడిచి ఫ్యాను ఆపేసింది. గుడ్డ ఊగడం మానింది. ఆ పచ్చగీత కూడా ఎర్రబడింది.

బయటికి వచ్చి వీరలక్ష్మి పక్కన నిలబడింది. వీరలక్ష్మి జరిగి చోటిచ్చింది. చెమటలు పట్టిన ఆ పిల్లకి తన కొంగుతో విసరడం మొదలుపెట్టింది.

జీపు వచ్చి ఆగింది. పోలీసులు లేవమన్నారు. మేం ఎవరం లేవలేదు.