సవతి చిలప

వాలుగ చేప దవడతో కొండపత్తి దువ్వుతోంది లక్ష్మణమ్మ. ముందుకు వంగినప్పుడల్లా మెడలోని సవతి బిళ్ళ ఊగి పత్తికి తగులుతోంది. విసురుగా దాన్ని వీపు మీదికి తోసేసింది.

"పనికాడ కూడా నీ గోలేనా!"

రూపాయి కాసంత వెండి బిళ్ళ. అది ఆమె మెడలో పడి నలభై ఏళ్ళు దాటింది. జగన్నాధం మొదటి పెళ్ళాం చిన్నతల్లి నిండు నెలల్లో పోయింది. రెండోదిగా వచ్చిన కోడల్ని ఆవిడ పీడించకూడదని అత్తగారు కట్టిన బిళ్ళ అది. కొత్త చీర కొంటే ముందు దానికి తాకించాలి. పండక్కి బూరెలు వండితే ముందు దానికి చూపించాలి. బతికున్న సవతయితే జుట్టు పట్టుకోవచ్చు, చచ్చినదాని ఏం పట్టుకుంటాం!

బిళ్ళనైనా భరించింది గానీ, మొగుడి మాటను భరించలేకపోయింది. మగ్గం మీద కూర్చున్నన్నాళ్ళూ ఆయనది ఒకటే పాట. "సిన్నతల్లి నూలంటే నూలే!" ఆవిడ వడికిన ఆఖరి చిలప, ఆ ఒక్క నూలు చుట్ట, ట్రంకుపెట్టె అడుగున పాత పంచె గుడ్డలో భద్రంగా ఉంది. ఆయన నేయలేదు, ఇంకొకరిని ముట్టనివ్వలేదు. లక్ష్మణమ్మ వడికిన వేల చిలపలు మాత్రం బట్టలై ఎవరెవరి భుజాల మీదికో పోయాయి. పొందూరు ఖద్దరు నేత చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆమె నూలును సెల్‌ఫోన్లలో వీడియోలు తీసి అబ్బో అన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. పాపం, లక్ష్మణమ్మ రచ్చ గెలిచి ఇంటిలో ఓడింది.

జగన్నాధం మంచం పట్టి ఏడాదైంది. చూపు పూర్తిగా పోయింది. అయినా నేతగాడి వేళ్ళు ఊరుకోవు. ముందురోజు ఆమె వడికిన చిలపను రోజూ తడిమి చూసి, "ఊఁ" అని పక్కన పెడతాడు. ఆ ఊఁ కోసం కూడా ఆమె చెవులు రిక్కించేది.

పక్కింటి తాయారు పిడకల బుట్టతో పోతూ గుమ్మంలో ఆగింది.

"అప్పా, నిన్న బావ ఏటన్నాడో ఇన్నావా? సిన్నతల్లి నూలు సూస్తే ఆకలే తెలిసీది కాదట!"

లక్ష్మణమ్మకు ఒళ్ళు భగ్గుమంది. తాయారు అటు వెళ్ళగానే ట్రంకుపెట్టె తెరిచి, గుడ్డ విప్పి, ఆ చిలపను తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"నిన్న వడికినాను. సూడు మావా."

జగన్నాధం బొటనవేలితో పోగును నిమిరాడు. మొహం చిట్లించాడు.

"ఏటే ఇది, ఇంత ముతగ్గా ఉన్నాది? వొంట్లో బాగోనేదేటి? రోజూ నీ నూలు ఇలాగుండదే. సేతికి తగిలీదే కాదు."

ఆమె మంచం దగ్గరికి ఇంకా జరిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మళ్ళీ సెప్పు."

"ఏటి సెప్పీది? నీ నూలు మంచిదని నీకు తెల్దేటి?"

అది నీ సిన్నతల్లిదే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుంది. నలభై ఏళ్ళకు దొరికిన తీపి, ఒక్క గుటకలో మింగేస్తారా ఎవరైనా? సాయంత్రం గంజి తాగించి, పక్కన కూర్చుని, తీరిగ్గా చెప్పాలి. ఆయన మొహం ఎలా మారుతుందో చూడాలి.

రాట్నం ముందు కూర్చుంది. ఆ పూట పోగు ఒక్కసారి కూడా తెగలేదు.

పొద్దు వాలాక గంజి గిన్నెతో వెళ్ళి పిలిచింది. జగన్నాధం పలకలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒళ్ళు అప్పటికే చల్లబడింది. చిలప గుప్పిట్లో బిగుసుకుని ఉంది.

లక్ష్మణమ్మ అరుపు విని ఇరుగుపొరుగుతో పాటు వచ్చిన తాయారు, నేలమీది పంచె గుడ్డనూ ఆ గుప్పిటనూ చూసి ముక్కున వేలేసుకుంది.

"సూసినారా! ఆకరి గడియకి మొదటి పెళ్ళాం చిలపే పట్టుకెళ్ళినాడు. అదృష్టమంటే సిన్నతల్లిదే!"

"నేనే ఎట్టినానే! నా సేతుల్తో నేనే ఎట్టినాను!" లక్ష్మణమ్మ గుండెలు బాదుకుంది.

దుఃఖంలో ఏదో అంటోందనుకున్నారు అందరూ. ఆమె ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పబోయింది. అవి విడలేదు.

వసారాలో రాట్నం అలాగే ఉంది. కదురు నిండా, ఎవరి వేళ్ళూ తడమని ఆ పూట నూలు.