చలి అనే మాట

మండువేసవిలో ఆ పిల్ల స్వెట్టరు అడిగింది.

"నడుం దగ్గర చలిగా ఉందమ్మా."

"ఎండకు పిట్టలు రాలిపోతుంటే నీకు చలేమిటే!" అంటూనే తల్లి స్వెట్టరు తొడిగింది. బట్టలు కుట్టి బతికే మనిషి. అది కూడా తన చేత్తో అల్లిందే.

ఎనిమిది నెలలుగా ఇదే వరస. జ్వరమేమోనని రక్త పరీక్షలు చేయించింది, మందులు మింగించింది. "నొప్పేమైనా ఉందా పాపా?" అని డాక్టరు అడిగితే, పదకొండేళ్ల ఆ పిల్ల పాఠం అప్పజెప్పినట్టు "లేదు సార్" అనేది.

జిమ్నాస్టిక్స్ నేర్చుకునే చోట ఆ పిల్లను అందరూ రబ్బరుబొమ్మ అనేవారు. ఆ పేరు వింటే తల్లికి కడుపు నిండేది. ఎంపిక పోటీలకు వారం ఉందనగా, కుట్టుపని పక్కన పెట్టి సాధన చూడడానికి వెళ్లింది.

హాలంతా నొప్పుల మందు కంపు. కోచ్ ఒక పిల్లను వెనక్కి విల్లులా వంచి, భుజాలు పట్టి నొక్కుతున్నాడు. బెంచీ మీద తల్లులు ఫోన్లలో వీడియోలు తీసుకుంటున్నారు.

ఎనిమిదేళ్ల పాప ఒకతె నడుం పట్టుకుని రబ్బరుబొమ్మ దగ్గరికి వచ్చింది.

"అక్కా, నాకివాళ బాగా చలి."

"వంగినప్పుడా, దూకినప్పుడా?"

"వంగినప్పుడు. ఇదిగో, ఇక్కడ."

"ఏడవకు. సార్ చూశాడంటే ఇంకో ఇరవై వేయిస్తాడు."

తల్లి చటుక్కున లేచింది. కూతుర్ని పక్కకు లాగింది. "చలంటే ఏమిటే?"

పిల్ల కోచ్ వైపు చూసి గొంతు తగ్గించింది. "నొప్పి అనకూడదమ్మా ఇక్కడ. అంటే ఇరవైసార్లు ఎక్కువ వంగాలి. అందుకే అందరం చలి అంటాం."

"నాతో చెప్పొచ్చు కదే!"

"మొదట్లో చెప్పాను. నువ్వు సార్‌కి ఫోన్ చేశావు."

చేసింది. "నొప్పిని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రమ్మనండి" అని అతను నవ్వాడు. తనూ నవ్వింది.

మర్నాడు ఎముకల డాక్టరమ్మ స్కాన్ చూపించింది. వెన్ను కింది పూసలో పగులు.

"ఇనుప తీగనైనా ఒకేచోట పదేపదే వంచితే విరుగుతుంది. ఇది ఎదిగే ఎముక. మొదట్లోనే ఆట ఆపించి ఉంటే చక్కగా అతుక్కునేది. ఇప్పుడు ఏమవుతుందో చెప్పలేను. ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?"

"స్వెట్టరు తొడిగాను" అంది తల్లి.

సాయంత్రం ఆ కాగితాలతో హాలుకు వెళ్లింది. కోచ్ వాటిని తిరగేసి ఇచ్చేశాడు. "ఆటన్నాక ఇవి మామూలేనండీ. బెల్టు కట్టి పోటీలో దింపుదాం. పతకాలు ఊరికే వస్తాయా?"

"వారమేగా వదినా, తర్వాత చూపించుకోవచ్చు" అంది బెంచీ మీది ఒక తల్లి.

ఆమె ఆ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. నిన్న మొన్నటిదాకా తన నోట నానిన మాటలే అవి. ఎంగిలి కూడు మళ్లీ విస్తట్లో పడ్డట్టు అనిపించింది. కోచ్‌కు జవాబివ్వకుండా పిల్లల వైపు తిరిగింది.

"ఎవరెవరికి చలిగా ఉందమ్మా? చేతులెత్తండి."

"చలేమిటండీ, ఈ ఉక్కలో!" అని కోచ్ పకపకా నవ్వాడు.

మొదట ఎనిమిదేళ్ల పాప చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి. లెక్కపెడితే తొమ్మిది. కోచ్ నవ్వు ఆగింది. బెంచీ మీది ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"ఈ పిల్లలు చెప్పే చలంటే నడుం నొప్పి" అంది ఆమె తల్లులతో. గొంతు పెంచలేదు. "నా బిడ్డ ఎనిమిది నెలలు చెబుతూనే ఉంది, నేనే వినలేదు. ఎదిగే పిల్ల నొప్పి అంటే ముందు ఆట ఆపాలి, ఆ తర్వాత కారణం వెతకాలి. నొప్పి అన్న మాటకే శిక్ష వేసే చోట బిడ్డను వదిలి వెళ్లామంటే, దాని వెన్ను విరిచిన చేతుల్లో మన చేతులూ ఉన్నట్టే."