బ్యాడ్జీ నాది, గొంతు అతనిది

పొద్దున్నే ఫ్రీజర్‌లోంచి ఇరవై నీళ్ల సీసాలు తీసి సంచిలో సర్దుతుంటే, మా అత్త పొలిక్సేని కాఫీ చప్పరిస్తూ అడిగింది.

"బ్యాడ్జీ పెట్టుకున్నావా ఎవాంథియా? మరిచిపోయావంటే మావాడి నోటికాడ కూడు పోతుంది."

ఆ బ్యాడ్జీ నాది. ఏథెన్స్‌లో గైడుగా నోరు విప్పాలంటే ఏళ్లపాటు చదివి, పరీక్ష నెగ్గి, లైసెన్సు తెచ్చుకోవాలి. నేను నెగ్గాను. నా భర్త థనాసిస్ మొదటి ఏడాదే చదువు మానేశాడు. అయినా తొమ్మిదేళ్లుగా అక్రోపోలిస్ కొండ మీద మాట్లాడుతున్నది అతనే. చెప్పేవన్నీ నేను రాసిచ్చిన కథలే. "నీ గొంతు వింటే జనం నిద్రపోతారే! బ్యాడ్జీ నీది, గొంతు నాది, జోడీ అదిరింది" అని విందుల్లో అందర్నీ నవ్విస్తాడు. లైసెన్సు తనిఖీవాళ్లు కనిపిస్తే, టూరిస్టులకి గుర్తుగా ఎత్తిపట్టే గొడుగు మూసి రెండుసార్లు దగ్గుతాడు. నేను సంచి అతనికిచ్చి ముందుకు పరుగెత్తాలి. ఆ నాలుగు నిమిషాలు నేను గైడుని, అతను నా సహాయకుడు. వాళ్లు వెళ్లగానే సంచి మళ్లీ నా భుజమెక్కుతుంది.

ఆ రోజు నలభై మూడు డిగ్రీలు. పన్నెండింటికి కొండ మూసేస్తామని ప్రకటించారు. ఆలోపే అన్నీ చూపించెయ్యాలని థనాసిస్ జనాన్ని తరుముతున్నాడు. పాలరాతి మెట్ల సెగ చెప్పుల్లోంచి అరికాళ్లకు తగులుతోంది. డబ్లిన్ నుంచి వచ్చిన బ్రిజిడ్ అనే పెద్దావిడ ముఖం సున్నంలా పాలిపోయింది.

"కాసేపు ఆపు. ఆవిణ్ని నీడకి తీసుకెళ్దాం" అన్నాను.

అతను అందరికీ అర్థం కావాలని ఇంగ్లీషులోనే అన్నాడు. "నువ్వు నీళ్లు మోసేదానివి. నీళ్లు మొయ్యి."

అందరూ నవ్వారు. బ్రిజిడ్ నవ్వలేదు.

ఆవిణ్ని ఆలివ్ చెట్టు నీడలో కూర్చోబెట్టాను. మెడలోంచి బ్యాడ్జీ తీసి, సంచి అడుగున, సీసాల కింద దాచాను. పావుగంట కాలేదు, మెట్ల కింద ఇద్దరు తనిఖీవాళ్లు కనిపించారు. గొడుగు మూసుకుంది. ఒక దగ్గు. రెండో దగ్గు. నేను కదల్లేదు. మూడోది నిజం దగ్గే.

"ఇక్కడ గైడు ఎవరు?" అని అడిగింది వాళ్లలో ఒకామె.

"ఆవిడే! మా ఆవిడే! చెప్పవేం ఎవాంథియా?"

ఆమె నావైపు తిరిగింది. "మీరేనా?"

"నేను నీళ్లు మోసేదాన్ని" అన్నాను, నేనూ ఇంగ్లీషులోనే. "పొద్దుట్నుంచీ మాట్లాడుతున్నది ఆయనే. కావాలంటే వీళ్లనడగండి."

అందరూ తలలూపారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

చెరో పక్కనా నడుస్తూ అతన్ని కిందికి తీసుకెళ్లారు. సగం మెట్లు దిగాక వెనక్కి తిరిగి అరిచాడు. "కనీసం ఒక నీళ్ల సీసా అన్నా ఇవ్వవే!"

సంచిలో ఒకటే మిగిలింది. దాన్ని బ్రిజిడ్ చేతిలో పెట్టి, అడుగునున్న బ్యాడ్జీ తీసి మెడలో వేసుకున్నాను. చల్లగా తగిలింది.

"నా గొంతు చిన్నది" అన్నాను జనంతో. "నీడలోకి, దగ్గరికి రండి."

వచ్చారు.