ఉంగరాలక్క గ్రీజు పరీక్ష

ఉంగరాలక్క మూడో మూతలోంచి రింగును పట్టకారుతో తీసి, తెల్లగుడ్డ మీద తుడిచి, కాలిపర్ ముక్కుల మధ్య పెట్టి కొలిచింది. ఇది నాలుగోసారి. వెంట్రుకవాసి తేడా లేదు.

కిటికీ పక్క బల్ల మీద మూడు సీసా మూతలున్నాయి. మొదటిదాంట్లో అడుగంటిన పాత డబ్బా గ్రీజు, రెండోదాంట్లో మొహానికి రాసుకునే పెట్రోలియం జెల్లీ, మూడోదాంట్లో కొనుగోళ్ల గుమస్తా కిందటి నెల తెచ్చిన సిలికాన్ గ్రీజు. ఒక్కోదాంట్లో ఒక నల్ల రబ్బరు రింగును ముంచి మూడు రోజులయింది. జెల్లీలోది నానిన గింజలా ఉబ్బి వదులైపోయింది. అలా అవుతుందని ఆమెకు తెలుసు, పోల్చి చూడ్డానికే పెట్టింది. పాత గ్రీజులోది చెక్కుచెదరలేదు. కొత్త గ్రీజులోదీ చెక్కుచెదరలేదు.

"ఉబ్బవే," అంది రింగుతో పళ్లబిగువున. "కాస్తయినా ఉబ్బి చావు."

ఆ పంపుల కేంద్రంలో డైవర్లు రోజూ జలాశయంలోకి దిగి, నీరు లోపలికి లాగే ఇనుప జాలీలకు పట్టిన నాచు తీస్తారు. నాలుగు నిలువుల లోతున పట్టపగలే కటికచీకటి, టార్చే వాళ్లకు కన్ను. ఆ టార్చిలు విప్పి, తుడిచి, నీళ్లు లోపలికి దిగకుండా ఆపే రబ్బరు రింగులకు గ్రీజు రాసి బిగించే పని ముప్పైయొక్క ఏళ్లుగా ఆమెదే. గ్రీజు ఎక్కువైతే ఇసుక పట్టుకుంటుంది, తక్కువైతే మూత తిప్పేటప్పుడు రింగు మెలిపడుతుంది. మెరుపు కనబడాలిగాని గ్రీజు కనబడకూడదు. చివర్లో రింగు చుట్టూ వేలికొస ఒక్క చుట్టు తిప్పేది. నీళ్లకు దారిచ్చే ఇసుకరేణువైనా నూలుపోగైనా దొరికిపోయేది. "పెళ్లికూతురికి ఒక్క ఉంగరం, మా అక్కకి రోజుకి నలభై," అని డైవర్లు నవ్వేవాళ్లు. ఆ పేరే నిలిచిపోయింది.

పదిరోజుల కిందట, మొసలి అని అందరూ పిలిచే డైవరు టార్చిలోకి నీళ్లు దిగాయి. జాలీల మధ్య వెలుతురు పోయి, తడుముకుంటూ పైకొస్తూ ఇనుపకమ్మీకి నుదురు కొట్టుకున్నాడు. ఏడు కుట్లు పడ్డాయి.

"కొత్త గ్రీజు రబ్బర్ని తినేసుంటుంది," అన్నాడు ఇంజనీరు. "ఏది వాడాలో పరీక్ష చేసి తేల్చమ్మా. తప్పు దానిదే అయితే, కొన్నవాణ్ణి ఇంటికి పంపిస్తా."

ఆ మాటతో ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఏడాదిగా ఆమె వేలికొసలు చచ్చుబడ్డాయి. షుగరు వ్యాధి ఒక్కో వేలి స్పర్శనూ తీసుకుపోయింది. ఈ పొద్దున పొయ్యి మీంచి గిన్నె దించుతుంటే చర్మం కాలిన వాసన ముక్కుకు తెలిసిందిగాని వేళ్లకు తెలియలేదు. నాలుగేళ్లుగా మంచం దిగని భర్త, "ఏదో మాడుతోంది చూడు," అన్నాడు. "ఏం లేదు, పడుకో," అంది. ఆయన మందులూ ఇద్దరి తిండీ ఆ పది వేళ్ల మీదే నడుస్తున్నాయి.

గుమస్తా తలుపు దగ్గర నిలబడ్డాడు. నలభై దాటిన బట్టతల మనిషి, మొహం పీక్కుపోయింది.

"ఏం తేలిందక్కా?"

"ఇంకా చూస్తున్నా."

"నాలుగు కొట్లు తిరిగానక్కా. రబ్బరుకి పడేదేనా అని అడిగి అడిగి, కొట్టువాడు విసుక్కునేదాకా అడిగి తెచ్చా. ముద్ద దిగట్లేదు నాకు."

ఆమె కాలిపర్ తుడవసాగింది. అతను వెళ్లిపోయాక, ఉబ్బిన రింగును పట్టకారుతో తీసి మూడో మూతలో పెట్టింది. మంచిదాన్ని జెల్లీలో పడేసింది.

అంతలో మొసలి వచ్చాడు, నుదుటి మీద పట్టీతో. ఇవాళే మళ్లీ నీళ్లలోకి దిగడం. తన టార్చి తీసుకుని నడుముకు తగిలించుకున్నాడు.

"ఏ గ్రీజు రాశానో అడగవేం?" అంది.

"నాకెందుకక్కా ఆ గొడవ? నువ్వే బిగించావా?"

"నేనే."

"అయితే చాలు."

రెండడుగులు వేశాడు.

"ఆగరా!"

ఆమె టార్చి లాక్కుని మూత విప్పి, భూతద్దం కింద పెట్టింది. రింగుకు అడ్డంగా పడుకుని ఉంది, గుడ్డలోంచి ఊడిన తెల్ల నూలుపోగు. పొద్దున రెండుసార్లు వేలు తిప్పి చూసిన రింగది.

"ఏంటక్కా?"

"నీ కుట్లకి కారణం గ్రీజు కాదురా. నేను."

అతనికి అర్థం కాలేదు. "వీటికి ఏడాదిగా స్పర్శ లేదు," అని ఆమె అరచేతులు చాచింది. కాలి బొబ్బలెక్కిన వేళ్లు చూసి అతను పక్కనున్న పెట్టె మీద కూలబడ్డాడు.

ఆమె తారుమారు చేసిన రింగులు రెండూ తిరిగి వాటి మూతల్లో పెట్టేసింది. గుమస్తాను పిలిచి, చేతులు కడిగించి, తన కుర్చీలో కూర్చోబెట్టి, విప్పిన టార్చి ముందు పెట్టింది.

"కళ్లు మూసుకుని రింగు చుట్టూ వేలు తిప్పు. ఏం తగిలింది?"

"ఏదో ఉందక్కా... ఇక్కడ, సన్నగా."

"అదే," అంది. "తీసెయ్. ఇప్పుడు గ్రీజు రాయి. నువ్వు తెచ్చిందే. అదే మంచిది."

అతను రాసి బిగించాడు. టార్చి వెలిగించి నీళ్ల బకెట్టులోకి దింపారు. కాసేపు చూసి బుడగలు రాకపోతే పనికొచ్చినట్టు.

ఆమె ఇంజనీరు గదికి వెళ్లి, మూతల్లో రింగులు మార్చిన సంగతితో సహా అంతా చెప్పింది. ఆయన ఆమె బొబ్బల వేళ్లకేసి చూశాడు.

"రేపట్నుంచి రావద్దులేమ్మా," అన్నాడు మెల్లగా.

"ఇంకేదైనా పని, సార్. ఊడ్చే పనైనా..."

"మెషీన్ల మధ్య ఊడ్చేటప్పుడు వేలు తెగినా తెలీదమ్మా నీకు. నా చేతుల మీద జరగనివ్వలేను."

సంచీ కోసం కూడా వెనక్కి రాకుండా ఆమె గేటు దాటింది. ఇంత పెందలాడే వచ్చావేం అని మంచం మీంచి భర్త అడుగుతాడు. వీధి మలుపుదాకా జవాబు వెతుక్కుంది. మలుపు తిరిగాక కూడా దొరకలేదు.

ఆమె ఎంతకీ రాకపోయేసరికి మొసలీ గుమస్తా ఇద్దరూ వెతుక్కుంటూ ఇంజనీరు గదివైపు పరుగెత్తారు. ఎవరూ లేని గదిలో, బకెట్టు అడుగున టార్చి వెలుగుతూనే ఉంది, గాజు మీద ఒక్క బుడగైనా లేకుండా.