అత్తగారి మడి

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన నాలుగో ఏటి చలికాలంలో, బ్రూస్‌పేట బియ్యం వ్యాపారి రాజగోపాలయ్య తల్లి నాగలక్ష్మమ్మ మంచం పట్టింది. కడుపులో పుండు కోయడానికి కూడా వీల్లేనంత ముదిరిపోయిందని డాక్టరు ఇంటికి పంపించేశాడు. నొప్పి మరీ ఎక్కువైతే సూది వేయడానికి కాంపౌండరు వచ్చి పోయేవాడు. మిగిలిందంతా కోడలు రాజలక్ష్మి మీదే పడింది.

మడిచీర కట్టకుండా దేవుని గూడు దగ్గరికి పోయిన మనిషి కాదు నాగలక్ష్మమ్మ. మంచం మీదికి చేరాక కూడా ఆ నియమం సడలలేదు. దానికి కష్టపడే ఒళ్లు మాత్రం ఇప్పుడు కోడలిదైంది. దీపం వెలిగాకే పొయ్యి వెలగాలి, పొయ్యి వెలిగితేనే కాఫీ. రోగి పక్కగుడ్డలు తీసిన చేతులతో దేవుణ్ణి ముట్టుకోకూడదు కనుక రాజలక్ష్మి తలమీంచి నీళ్లు పోసుకోవాలి. పోసుకుని వచ్చేసరికి అత్తగారు మూలుగుతూ మళ్లీ పిలిచేది. మళ్లీ గుడ్డలు, మళ్లీ బావి.

ఆ బావి ఉప్పునీళ్లకు చేతులు పగిలాయి. తడి ఆరని జుట్టుతో దగ్గు పట్టుకుంది. "ఏడినీళ్లు పోసుకోరాదా?" అన్నాడు రాజగోపాలయ్య, అంగడికి పోతూ చెప్పులు తొడుక్కుంటూ. దీపం పెట్టకుండా పొయ్యి ఎట్లా వెలిగించేదని ఆమె అడగలేదు. అడిగే ఓపిక లేదు.

ఒకప్పుడు ఆమెకూ దేవుడి ముందు కూర్చోవడం ఇష్టమే. కాపురానికొచ్చిన కొత్తలో వత్తులు చేయడం నేర్పింది అత్తగారే. ఇప్పుడు దీపపు కుంది తోమాల్సిన గిన్నెల్లో ఒకటైపోయింది. పెదవులు నామాలు చదువుతున్నా చెవులు రోగి గదిలోనే ఉండేవి. నామాల చివర మనసు తనంతట తానే ఒక మాట చేర్చేది: తీసుకుపో స్వామీ, తొందరగా తీసుకుపో. ముసలామె బాధ చూడలేక అలా అనుకుంటోందా, తన నడుము నొప్పి ఓర్చుకోలేకా? తేల్చుకోలేక భయపడేది.

ఒక శుక్రవారం పొద్దున అప్పటికే రెండుసార్లు నీళ్లు పోసుకుంది. దండెం మీది మడిచీర అందుకోబోతుండగా మళ్లీ పిలుపు. పాతచీర చుట్టుకుని వెళ్లి, అత్తగారి ఒళ్లు తుడిచి, గుడ్డలు మార్చి, బావి దగ్గరికి వచ్చి చేద పట్టుకుంది. తాడు లాగడానికి చేతులు లేవలేదు. గిలకకేసి చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత చేద కింద పెట్టి, తొట్టిలో మిగిలిన నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కుని, ఆ పాతచీరతోనే పోయి దీపం వెలిగించింది.

వెనక్కి తిరిగితే, తెరిచిన తలుపులోంచి అత్తగారు ఆమెనే చూస్తోంది. రాజలక్ష్మి పొయ్యి వెలిగించింది.

కాఫీ దిగేసరికి ఆడపడుచు పంకజాక్షి ఆదోని నుంచి రైలు దిగి వచ్చింది. నడవలో అడుగుపెట్టగానే దీపం చూసింది, దండెం చూసింది.

"ఏంది వదినా, మడిచీర దండెం మీదనే ఉండాది, దీపం ఎట్ల వెలిగింది? అమ్మ పడకేస్తే ఆచారమంతా పాయెనా? ఇట్ల చేస్తాంటే అమ్మకు యాడ నయమైతాది?"

రాజలక్ష్మి కాఫీ గ్లాసు అందించబోయింది. గదిలోంచి సన్నగా మాట వినబడింది.

"నేనే పెట్టమంటి పంకజా. మడి ఒద్దు, అట్లే పెట్టమని నేనే చెప్పినా. నువ్వు కాఫీ తాగు పో."

నాగలక్ష్మమ్మ అబద్ధమాడగా రాజలక్ష్మి ఎన్నడూ వినలేదు.

పంకజాక్షి స్నానానికి వెళ్లాక రాజలక్ష్మి సగ్గుబియ్యం జావ తీసుకుని మంచం పక్కన కూర్చుంది.

"అట్లెందుకు చెప్పినారత్తా?"

"నువ్వు నీళ్లు తోడుకునేది నాకు ఇనపడదనుకుంటివా? గిలక సప్పుడు ఈడికొస్తాది." ముసలామె ఊపిరి కూడదీసుకుంది. "తప్పే అది. నాకిప్పుడూ తప్పనే అనిపిస్తాది. కానీ నువ్వు పడిపోతే నన్ను ఎత్తేదెవరు? సాకు తల్లీ, సాలు. ఇంక మడి ఒద్దు."

రాజలక్ష్మి చెంచా గిన్నెలో పెట్టేసింది. దాచుకున్న మాట నోట్లోంచి వచ్చేసింది. "అత్తా, మిమ్మల్ని తీసుకపొమ్మని నేను దేవుణ్ణి అడుగుతాండా. దినామూ."

ముసలామె పైకప్పుకేసి చూసింది.

"నేనూ అదే అడుగుతాండా," అంది. "ఒక్కదాన్ని అడిగితే ఇనలేదు. ఇద్దరం అడుగుతాంటే ఇంటాడేమో." నవ్వబోయి, నొప్పికి మొహం ముడుచుకుంది.

రాజలక్ష్మికి నవ్వు రాలేదు. చెంచా అందుకుని మిగిలిన జావ తాగించింది.

ఆ మాటలతో పని తగ్గలేదు. దగ్గు మాత్రం కొంచెం తగ్గింది. కొన్ని పొద్దులు అత్తగారి పిలుపు వింటేనే కోపం వచ్చేది, వెంటనే ఆ కోపం మీద ఏడుపు వచ్చేది. దీపం ముందు నిలబడి అదే మాట అడిగేది. ఇప్పుడు మాత్రం దొంగతనంగా అడుగుతున్నట్టు ఉండేది కాదు.

శివరాత్రికి ముందు ఒక మధ్యాహ్నం, ఆమె మిద్దె మీద గుడ్డలు ఆరేస్తుండగా నాగలక్ష్మమ్మ పోయింది. ఇన్నాళ్లూ పక్కనే ఉండి ఆ ఒక్క ఘడియ లేకపోతినే అని రాజలక్ష్మి కుమిలిపోయింది. కానీ కన్నీళ్లు రాలేదు.

మైల దినాల్లో దీపం లేదు, పూజ లేదు, మడి లేదు. రాజలక్ష్మి నిద్రపోయింది. చుట్టాలు వస్తున్నా పోతున్నా, గోడవారన చాప మీద ముడుచుకుని నిద్రపోయింది. "వదినకు బాధే లేనట్లుండాది," అని పంకజాక్షి ఎవరితోనో అంటుంటే వినబడింది. లేచి జవాబు చెప్పాలనుకుంది. అనుకుంటూనే మళ్లీ నిద్రలోకి జారిపోయింది.

శుద్ధి అయి, అందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయాక రాజగోపాలయ్య అడిగాడు. "దీపం పెట్టవా?"

"ఈపొద్దు మీరు పెట్టండి. నాతో కాదు."

ఆయన ఆమె మొహం చూశాడు. "వత్తులు యాడుండాయి?"

చెప్పింది. ఆయనకు అలవాటు లేదు. నూనె కింద ఒలికింది, వత్తి నూనెలో మునిగి ఆరిపోయింది. మళ్లీ వెలిగించాడు. గోడకానుకుని చూస్తున్న రాజలక్ష్మికి అప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన నూనె చేతులతోనే వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆమె ఏడుపు తగ్గేదాకా అంగడి తాళాల కోసం లేవలేదు.