గూడబాతు పోయించిన టీ

మా మనవరాలు తేజస్వి వట్లూరులో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు చూపించే రోజు ఇంట్లోవాళ్ళు రావచ్చన్నారట. కోతల్లో ఉండి దాని నాన్న రాలేకపోయాడు. నేను వెళ్ళాను. నాతోపాటు మునీరు బయల్దేరాడు. మా ఉంగుటూరులోనే టైలరు. నా పేకాట జట్టు.

"ఏవండీ రామయ్యగారూ, అక్కడ ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పడానికి మనిషి ఉండాలి కదండీ. అందుకు వస్తున్నాను" అన్నాడు బస్సులో.

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఏలూరు దాకా వాడే మాట్లాడాడు.

మా ఆట గురించి కొంచెం చెప్పాలి. కాలవ లాకుల దగ్గర కనకమ్మ టీకొట్టు బల్ల మీద ఆడతాం. పదమూడు ముక్కలు. డబ్బు పెట్టం. మా బల్లకి ఒక కట్టుబాటు ఉంది. నెగ్గినవాడు ముక్కలు విప్పి, ఏ ముక్క ఎందుకు ఉంచుకున్నాడో, ఏది ఎందుకు కొట్టాడో అందరికీ చెప్పాలి. చెప్పలేక "అలా కలిసొచ్చింది" అన్నాడా, నెగ్గినా సరే ఆ పూట టీలు వాడివే. తేజస్వి చిన్నప్పుడు నన్ను భోజనానికి పిలవడానికి వచ్చేది. ఆ విప్పి చెప్పడం అయ్యేదాకా కదిలేది కాదు.

కాలేజీ హాల్లో వరసగా బల్లలు వేశారు. అన్నిట్లో మంచి ప్రాజెక్టు చేసిన జట్టుని హైదరాబాదు కంపెనీవాళ్ళు ఆర్నెల్లు పెట్టుకుని పని నేర్పుతారట. ఆ జట్టు ఒక్కటే. తేజస్వి నెల రోజులుగా ఇంట్లో అదే మాట. "అది వస్తే చాలు తాతయ్యా, ఇంక నాకేం వద్దు" అనేది. దాని జట్టులో ఇంకొకడు హర్షవర్ధన్. గూడెం కుర్రాడు.

వీళ్ళు చేసింది పేకాటే. పోకరు. ఆడేది మనుషులు కాదు, ఏఐ మోడళ్ళు మూడు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మీద అయిదు ముక్కలు మెల్లమెల్లగా తెరుస్తారు. నమ్మకం ఉంటే పందెం బిళ్ళలు పెంచాలి, లేకపోతే ముక్కలు పడేయాలి. కంప్యూటరు తెర మీద ఒక పక్క ఆట. ఇంకో పక్క ఏ మోడలు ఏమనుకుని ఆడుతోందో దాని ఆలోచన మాటల్లో వస్తూ ఉంటుంది. తేజస్వి ఆ పక్క తెలుగులో కూడా వచ్చేలా పెట్టింది. నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని చదువుకున్నాను.

మోడళ్ళకి మన కొల్లేరు పక్షుల పేర్లు పెట్టారు. కొంగ, నీటికాకి ఎవరో తయారు చేసినవి. మూడోది గూడబాతు. దానికి వీళ్ళిద్దరూ కూర్చుని ఆట నేర్పారు. తక్కినవాటి కంటే మాది ఆలోచించి ఆడుతుంది అని చూపించడం వీళ్ళ ప్రాజెక్టు.

మార్కులు వేయడానికి సబీహా మేడమ్ అని కంపెనీ నుంచి వచ్చారు. ఆవిడ వెనక కాలేజీ మేష్టార్లు. జనం మూగారు.

బల్ల మీద మూడు ముక్కలు తెరుచుకున్నాయి. కళావరు ఆసు, కళావరు నాలుగు, డైమను రాజు. గూడబాతు చేతిలో కళావరు తొమ్మిది, ఎనిమిది. ఇంకో కళావరు పడితే అయిదూ ఒకే రంగవుతాయి. పడకపోతే ఏమీ లేదు. కొంగ గట్టిగా పెంచింది. నీటికాకి అంతకు ముందంతా మెత్తగా ఆడి, ఇక్కడ పడేసింది. నాలుగో ముక్క ఆఠీను రెండు. ఎవరికీ పనికిరాదు. కొంగ మళ్ళీ పెంచింది.

గూడబాతు తన బిళ్ళలన్నీ తోసేసింది.

మునీరు నా మోచేయి పొడిచాడు. "ఇదేంటండీ, మన బల్ల దగ్గర పేతురు గుడ్డిగా ఆడే ఆటలా ఉంది."

కొంగ సరే అంది. దాని ముక్కలు తెరిచారు. రెండు ఆసులు. బల్ల మీది దాంతో మూడు. గూడబాతు పని అయిపోయిందనుకున్నాను. ఆఖరి ముక్క తిరిగింది. కళావరు జాకీ. అయిదూ ఒకే రంగయితే మూడు ఆసుల్నీ కొడుతుందట.

హాలంతా చప్పట్లు. హర్షవర్ధన్ రెండు చేతులూ పైకెత్తాడు. సబీహా మేడమ్ కూడా నవ్వుతూ కాయితం మీద ఏదో రాసుకున్నారు.

తేజస్వి చప్పట్లు కొట్టలేదు. తెర రెండో పక్క చూస్తోంది. నేనూ చదివాను. గూడబాతు రాసుకున్నది ఇది. "ఎదుటివాడు మొదటినుంచి మెత్తగా ఆడుతున్నాడు. భయపెడితే పడేస్తాడు."

మెత్తగా ఆడింది నీటికాకి. అది పడేసి వెళ్ళిపోయింది. ఎదురుగా ఉన్నది గట్టిగా ఆడిన కొంగ. లేచిపోయినవాడి ఆట చూసి కూర్చున్నవాడిని లెక్కకట్టిందన్నమాట.

హర్షవర్ధన్ కూడా చూసినట్టున్నాడు. దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "తేజూ, నెగ్గింది కదా. ఊరుకో. ఎవరూ చదవలేదు."

"నేను చదివానుగా" అంది.

"మొదటి స్థానం మనకే వస్తోంది. మేడమ్‌ని చూడు."

తేజస్వి ఒకసారి నా వైపు చూసింది. నేనేం సైగ చేయలేదు. చేయాల్సిన పని లేదు. దాని ముఖం చూస్తే తెలిసిపోయింది నాకు.

"మేడమ్, ఒక్క నిమిషం" అంది. తెర దగ్గరికి వెళ్ళి ఆ రెండు వాక్యాల మీద వేలు పెట్టింది. "ఇది నెగ్గింది గానీ, ఆలోచన తప్పండి. ఇద్దర్నీ కలగాపులగం చేసుకుంది. సరిగ్గా ఆలోచిస్తే ఇక్కడ పడేయాలి. ఇలాంటప్పుడు అయిదింట ఒకసారి నెగ్గితే గొప్ప. ఇవాళ ఆ ఒకటి పడింది."

చప్పట్లు కొట్టినవాళ్ళు తెర వైపు మెడలు చాచారు.

సబీహా మేడమ్ ముందుకు వంగి చదివారు. "అవును. నేను చూడలేదు. మీరు చెప్పకపోతే చూసేదాన్నీ కాదు. ఎందుకు చెప్పారమ్మా?"

"మా ఊళ్ళో నెగ్గినవాళ్ళు విప్పి చెప్పాలండి. చెప్పలేకపోతే టీలు పోయించాలి."

కొందరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఏ ఊరు?" అని అడిగారు.

"ఉంగుటూరండి. అదిగో, మా తాతయ్య."

అందరూ నా వైపు తిరిగారు. లేచి నమస్కారం పెట్టాను. జవాబు చెప్పడానికి వచ్చిన మునీరు కూడా నా పక్కన లేచి నమస్కారమే పెట్టాడు.

మధ్యాహ్నం పేరు చదివారు. చేపల చెరువు నీళ్ళలో గాలి తగ్గితే ఫోనుకి చెప్పే యంత్రం చేసిన జట్టుకి ఇచ్చారు. మంచి యంత్రమే. కైకలూరు వైపు వాళ్ళకి అక్కరకొస్తుంది. తేజస్వి వెళ్ళి వాళ్ళకి చేయి కలిపి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ తల దించలేదు.

క్యాంటీనుకి తీసుకెళ్ళి మాకు టీలు చెప్పింది. హర్షవర్ధన్ దూరంగా ఇంకో బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఇవి ఎవరి టీలమ్మా?" అన్నాడు మునీరు.

"గూడబాతువి, మునీర్ తాతా. చెప్పలేకపోయిందిగా."

"దానికి జేబు లేదే."

"నేర్పినవాళ్ళ జేబు ఉందిగా. హర్షా, సగం నీది."

వాడు మూతి ముడుచుకుని జేబులోంచి డబ్బు తీశాడు. తర్వాత గ్లాసు పట్టుకుని వచ్చి మా బల్ల దగ్గర చేరాడు. "అసలు నీటికాకి పడేశాక కూడా దాని ఆట గూడబాతు ముందు ఎందుకు ఉంది? అక్కడే మనం తప్పు చేశాం" అన్నాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకోవడం మొదలెట్టారు. నాకేమీ అర్థం కాలేదు. టీ మాత్రం బాగుంది.

సాయంత్రం బస్సు దిగి తిన్నగా కనకమ్మ కొట్టుకి నడిచాను. బల్ల చుట్టూ మావాళ్ళున్నారు. "ఏమైందండీ, మనమ్మాయికి వచ్చిందా?" అని అడిగారు. మునీరు నోరు తెరవబోయాడు.

"నువ్వాగు" అన్నాను.

పేక తీసుకున్నాను. కళావరు ఆసు, నాలుగు, డైమను రాజు వెతికి బల్ల మీద పరిచాను. పక్కన తొమ్మిది, ఎనిమిది పెట్టాను. కనకమ్మ తన చేతిలోని గిన్నె పక్కన పెట్టి వచ్చింది. మొదటినుంచి మొదలెట్టి, అందరికీ విప్పి చెప్పాను.